నేను వేసిన పిల్లికూతల ట్రయల్

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక ఘోరం గురించి. ఆ ఘోరం చేసింది నేనే. చాటుగా చేశానా అంటే అదీ లేదు. షామియానా ఒక్కటి తక్కువగా, జనాన్ని పిలిచి, కుర్చీలు వేయించి, టీలు ఇప్పించి మరీ చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా మా ఆవిడ సునీత కొన్నేళ్ళపాటు నా మీద దయ చూపింది. ఈమధ్య ఆ దయ అయిపోయింది. పెళ్ళిళ్ళలో చెబుతోంది, పేరంటాల్లో చెబుతోంది, ఆఖరికి బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకి కూడా చెబుతోంది. ఆవిడ నోట వింటే నేను ఇంకా అధ్వాన్నంగా కనిపిస్తున్నాను కాబట్టి, నేనే రాసేస్తే కాస్తయినా పరువు దక్కుతుందని కూర్చున్నాను. రాశాక చదివి చూస్తే దక్కేలా లేదు.

నాకు క్రోసూరులో మందుల కొట్టు ఉంది. మా వైపు మందుల కొట్టంటే జ్వరాల మాత్రలు అమ్మేది కాదు, పురుగుమందులూ విత్తనాలూ అమ్మేది. పొద్దున షట్టరు ఎత్తేసరికే మిరప కొమ్మో, పత్తి ఆకో పట్టుకుని రైతులు నిలబడి ఉంటారు. నేను ఆ ఆకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అడుగువైపు గోరుతో గీకి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి "ఊఁ" అంటాను. ఆ "ఊఁ" వినడానికే జనం అంత దూరం నుంచి వస్తున్నారని అప్పట్లో నా గట్టి నమ్మకం.

"డాక్టరు బాబాయ్, ఏం కొట్టమంటావు?" అని అడిగేవాళ్ళు.

ఏళ్ళ తరబడి ఒక మనిషిని డాక్టరు, డాక్టరు అని పిలిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. నాకు అదే అయింది. చదువు ఒక్కటి చదవలేదన్న మాటే గానీ, మిగతా వైద్యమంతా నాకు వచ్చేసిందనుకున్నాను.

అప్పుడు మా పాప హారికకి నాలుగేళ్ళు. చలిగాలి తగిలినా, జలుబు చేసినా, మిరపకాయల ఘాటు సోకినా దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఊపిరి వదిలినప్పుడల్లా లోపల ఎవరో సన్నగా ఈల వేసినట్టుండేది. డొక్కలు ఎగిరెగిరి పడేవి. ఆ డొక్కలు చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఈ ఒక్క మాటలో వెటకారం ఏమీ లేదు.

నరసరావుపేటలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. మాతోపాటు మా అత్తగారు నాగేంద్రమ్మ కూడా వచ్చింది. వాళ్ళ ఊరు పేటకి పక్కనే. డాక్టరమ్మ పాప ఛాతీ విని, ఇంట్లో ఇంకెవరికైనా ఆయాసం ఉందా, ఎప్పుడెప్పుడు వస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది అని అన్నీ అడిగి, "ఇది ఆస్తమా అండీ" అంది.

మా అత్తగారు లేచి నిలబడింది.

"ఉబ్బసమా? ఉబ్బసం ముసలోళ్ళకి గదమ్మా వచ్చేది! ఇంతలేసి పిల్లకి ఉబ్బసమేంది?"

"చిన్నపిల్లలకీ వస్తుందమ్మా. చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది కూడా. ఈలోపు మనం జాగ్రత్తగా చూసుకోవాలి" అని, డాక్టరమ్మ రెండు ఇన్‌హేలర్లు బల్ల మీద పెట్టింది. ఒకటి బ్రౌన్ రంగుది, ఒకటి నీలం రంగుది.

"ఈ బ్రౌన్‌ది రోజూ వెయ్యాలి. పొద్దునా సాయంత్రం. పాప బాగున్నా సరే, గంతులేస్తున్నా సరే, మానకూడదు. ఊపిరి గొట్టాల్లో వాపుని ఇది నెమ్మదిగా తగ్గిస్తుంది. వేశాక నోరు పుక్కిలించాలి, మొహం కడగాలి. నీలంది పిల్లికూతలు వచ్చినప్పుడు మాత్రమే. బిగుసుకున్న గొట్టాలని అప్పటికప్పుడు వదులు చేస్తుంది. రెండూ ఈ ప్లాస్టిక్ గొట్టం తగిలించి, మాస్కు మూతికి ఆనించి వెయ్యాలి" అని చేసి చూపించింది.

సునీత బడిపంతులమ్మ. శ్రద్ధగా వింది, తిరిగి చేసి చూపించింది, డాక్టరమ్మ చేత "వెరీ గుడ్" అనిపించుకుంది. నేనేం చేస్తున్నానంటే, బల్ల మీదున్న పెన్నులనీ క్యాలెండర్లనీ చూస్తున్నాను. అన్నీ కంపెనీలు ఇచ్చినవే. నా కొట్లోనూ అలాంటివే ఉంటాయి. వ్యాపారస్తుణ్ణి ఇంకో వ్యాపారస్తుడు చూసినట్టు ఆవిడని చూసి లోలోపల నవ్వుకున్నాను. ఆవిడ డాక్టరన్న సంగతి ఆ క్షణంలో నాకు ముఖ్యమనిపించలేదు.

మందులు మొదలుపెట్టాక పిల్లికూతలు పోయాయి. పాప ఒళ్ళు చేసింది, ఎగురుతోంది, దూకుతోంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి కాబట్టి నాకు ఊసుపోలేదు. సరిగ్గా అప్పుడు రంగంలోకి దిగాడు మా తోడల్లుడు శ్రీనివాసరావు.

శ్రీనివాసరావు సునీత వాళ్ళ అక్క మొగుడు. ఎడ్లపాడులో పత్తి వ్యాపారం. నేను సైకిలు కొంటే మోటారు సైకిలు, నేను మోటారు సైకిలు కొంటే కారు కొనే రకం. వాళ్ళ అబ్బాయి చరణ్ మా పాప కంటే కొంచెం పెద్ద. వాడికీ ఇదే ఆయాసం. ఆఖరికి జబ్బులో కూడా నన్ను ఒంటరిగా వదల్లేదు మహానుభావుడు. వాడిని గుంటూరులో చూపించి, అక్కడి నుంచి ఏకంగా ఒక మిషను కొనుక్కొచ్చాడు. కరెంటు పెడితే గుర్రుమంటుంది. దాని గొట్టం చివర మాస్కు, ఆ మాస్కులోంచి బుసబుసా తెల్లటి పొగ.

మా అత్తగారు ఫోను చేసింది.

"పెద్దల్లుడు మిషను తెచ్చాడయ్యా! పెడితే చాలు, ఎంత పొగనుకున్నా! చరణ్‌గాడు బుద్ధిగా కూచోని పీలుస్తన్నాడు. మరి మీరేంది, ఇంకా ఆ ప్లాస్టిక్ గొట్టంతోనే నెట్టుకొస్తన్నారు?"

"పొగలో ఏముంది అత్తయ్యా? దోమల మందు కొట్టే బండికీ పొగ వస్తది."

"ఏమోనయ్యా. కంటికి కనపడిద్ది గదా."

కంటికి కనపడిద్ది గదా! అంటే నా బిడ్డకి నేను కంటికి కనపడని మందు వేస్తున్నానన్నమాట. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను. ఏది గొప్పో జనం ముందే తేలిపోవాలి.

మా వ్యాపారంలో ఇలాంటి తగాదా తీర్చడానికి ఒక పద్ధతి ఉంది. కొత్త మందు వస్తే కంపెనీ వాళ్ళు ఒక రైతు చేలో ట్రయల్ వేస్తారు. కొన్ని సాళ్ళకి కొత్త మందు, కొన్ని సాళ్ళకి పాత మందు కొట్టిస్తారు. పక్కనే కొన్ని సాళ్ళు ఏమీ కొట్టకుండా వదిలేస్తారు. తర్వాత చుట్టుపక్కల రైతులందరినీ పిలిచి, బిర్యానీ పెట్టి, "మీ కళ్ళతో మీరే చూసుకోండి" అంటారు. ఏమీ కొట్టని సాలు ఆకులు ముడుచుకుని దీనంగా నిలబడి ఉంటుంది. అలాంటివి నేను ఎన్నో నడిపించాను. మైకు పట్టుకుని మాట్లాడాను కూడా. ఇదే పద్ధతి పిల్లికూతలకి ఎందుకు పనికిరాదు? మామూలు మనిషికి ఇలాంటి ఆలోచన రాదు. రావాలంటే పురుగుమందుల కొట్టు ఉండాలి.

ట్రయల్‌కి ముందు చేలో అనవసరమైన మందులు ఆపేస్తాం. కాబట్టి నా చూపు బ్రౌన్ ఇన్‌హేలరు మీద పడింది. నా వాదన వినండి, ముచ్చటగా ఉంటుంది. నీలంది వేస్తే కాసేపట్లో పిల్లికూతలు తగ్గుతాయి. బ్రౌన్‌ది వేస్తే ఏమీ అయినట్టు కనపడదు. కాబట్టి పనిచేసేది నీలంది. బ్రౌన్‌ది అంటగట్టిన సరుకు. నేను మాత్రం చేసేదేమిటి? అసలు మందుతోపాటు ఒక టానిక్ డబ్బా కూడా రైతు సంచిలో పడేయందే ఊరుకునేవాణ్ణి కాదు. అందరూ నాలాంటి వాళ్ళేనని అనుకోవడంలో ఒక హాయి ఉంది.

దానికి తోడు అందులో స్టిరాయిడ్ ఉందని ఫోన్లో చూశాను. అంతవరకే చూశాను. వేలితో ఇంకొంచెం కిందికి జరిపితే మిగతా సంగతి కూడా ఉండేది. జరిపితే తెలివి వస్తుందని భయం వేసిందేమో మరి.

ఆ ఏడాది సునీతకి దూరం ఊరి బడికి బదిలీ అయింది. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి వచ్చేది. రెండు పూటలా పాపకి మందు వేసే పని నాది. అంచేత ఆపేసే పని కూడా సులువుగా జరిగిపోయింది.

"నాన్నా, ఇవాళ మందు వెయ్యవా?" అని అడిగింది హారిక.

"మందుకి సెలవులమ్మా."

"అమ్మకి చెప్పనా?"

"వద్దు. మనం పోటీకి వెళ్తున్నాంగా, అక్కడ చెబుదాం. సర్‌ప్రైజ్."

పోటీ అనగానే పాప చప్పట్లు కొట్టింది. రోజులు గడుస్తున్నాయి. పిల్లికూతల్లేవు, దగ్గు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కొట్టుకొచ్చిన రైతులకి కూడా, అడగకపోయినా, "ఆ రోజూ వేసే మందంతా ఉత్తిదేరా, నేను ఆపేసి చూశా" అని చెప్పాను. వాళ్ళు "అంతేలే బాబాయ్" అన్నారు. నేనేం చెప్పినా వాళ్ళు అంతేలే అంటారు. అదే వచ్చిన చిక్కు.

శ్రీనివాసరావుకి ఫోను చేశాను.

"అన్నయ్యా, ఆదివారం అత్తయ్యా వాళ్ళింటికి రా. నీ మిషను తీసుకురా."

"ఎందుకు తమ్ముడూ?"

"మీ మిషనా మా గొట్టమా, ఏది గొప్పో నలుగురి ముందు తేల్చేద్దాం."

ఆయన కూడా నాలాంటివాడేనని అప్పుడు తెలిసింది. ఎందుకు, ఏమిటి అని అడక్కుండా "సరే, జనాన్ని పిలువు" అన్నాడు.

మా అత్తగారింటి వాకిట్లో ఆ ఆదివారం మిరపకాయలకి తొడాలు తీస్తున్నారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఎర్రటి గుట్టల్లోంచి కాయలు తీసి తొడిమలు తుంచుతున్నారు. గాలి వీస్తే పెద్దవాళ్ళకే తుమ్ములు వస్తున్నాయి. పొద్దుటి నుంచి పాపకి ముక్కు కారుతోంది కూడా. ఇంతకంటే మంచి చోటు ఆయాసం ఉన్న పిల్లకి ఇంకెక్కడా దొరకదని వెతికి పట్టుకున్నట్టుంది చూడండి.

"పాపకి జలుబు చేసింది. బ్రౌన్‌ది సరిగ్గా వేస్తున్నారుగా?" అని సునీత అడిగింది.

"వెయ్యకుండా ఎట్టా ఉంటా?" అన్నాను.

ఇది అబద్ధం కాదు, ప్రశ్న. అప్పట్లో నేను ఇలా సర్దిచెప్పుకునేవాణ్ణి.

కుర్చీలు వేయించాను. తొడాలు తీసే ఆడవాళ్ళు పని ఆపకుండానే ఇటు తిరిగి కూర్చున్నారు. పక్కింటి సాంబయ్య మామ చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు అందరికీ టీ పెట్టమని సునీతని లోపలికి పంపింది.

ముందు మిషను వంతు. శ్రీనివాసరావు దాన్ని స్టూలు మీద పెట్టి, అందులో మందు పోసి, చరణ్‌కి మాస్కు తగిలించి, స్విచ్చి వేశాడు. గుర్రుమంది. పొగ వచ్చింది. ఆడవాళ్ళు "అబ్బో" అన్నారు. అంతలో కరెంటు పోయింది.

నేను చప్పట్లు కొట్టాను. అవును, కుర్చీలోంచి లేచి మరీ కొట్టాను.

"చూశావా మామా! కరెంటు పోతే మిషను పోయింది. మా గొట్టానికి కరెంటుతో పనేంది?"

"ఉండవయ్యా, ఇంత దూరం వచ్చి ఉట్టినే పోతానా?" అని శ్రీనివాసరావు కారులో విడిగా పెట్టుకొచ్చిన ఇన్వర్టరూ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. మళ్ళీ గుర్రు, మళ్ళీ పొగ. చరణ్‌గాడు మిరపకాయల గుట్ట పక్కనే, ఏ దగ్గూ లేకుండా కాళ్ళూపుకుంటూ ఫోన్లో బొమ్మలు చూస్తున్నాడు.

"వీడికి ఆయాసమే లేదు గదా, పొగ ఎందుకు పెట్టినట్టు?" అని సాంబయ్య మామ అడిగాడు.

ఆ సభలో తెలివైన ప్రశ్న అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక నా వంతు. హారికని కుర్చీలో కూర్చోబెట్టాను. పాప చిన్నగా దగ్గింది. నాకు సంతోషం వేసింది. దాచడం ఎందుకు, సంతోషమే వేసింది. ట్రయల్ రోజున చేలో పురుగు కనపడితే మందు అమ్మేవాడికి ఎలా ఉంటుందో అలాగే ఉంది. గొంతు సవరించుకున్నాను. మైకు లేని లోటు కనపడకుండా గట్టిగా అందుకున్నాను.

"అమ్మలారా, మామా! ఆ మిషనుకి ఏమీ తక్కువ లేదు, పొగ బాగుంది. మా దగ్గర పొగ లేదు. కానీ పని ఉంది. ఇదుగో, ఈ నీలంది చూడండి, ఇదీ అసలు మందు. మరి ఈ బ్రౌన్‌ది చూడండి. దీన్ని రోజూ వెయ్యమని డాక్టర్లు చెప్తారు. ఎందుకు చెప్తారో మందుల వ్యాపారంలో ఉన్నవాణ్ణి నాకు తెలుసు! దీన్ని నేను ఆపేసి చానా రోజులైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలా. మరి మా పాపకి ఏమైనా అయిందా? మీ కళ్ళతో మీరే చూసుకోండి!"

చేయి చాపి పాపని చూపించాను. అందరూ చూశారు. నేను మాత్రం జనం మొహాలు చూస్తున్నాను, మెప్పు ఎక్కడ మొదలవుతుందా అని. ఎక్కడా మొదలు కాలేదు. తొడాలు తుంచే చేతులు ఆగిపోయాయి.

"ఒరేయ్ అబ్బాయ్, ముందు ఆ పిల్లని చూడరా. ఊపిరి ఆడట్లా దానికి" అన్నాడు సాంబయ్య మామ.

తిరిగి చూశాను. పాప కుర్చీ చేతులు రెండూ పట్టుకుని ముందుకు వంగింది. భుజాలు పైకి లేస్తున్నాయి. డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. ఆ ఈల నా దాకా వినిపించింది.

వెనకాల టీ పళ్ళెం కింద పడిన చప్పుడైంది. సునీత.

"ఆపేశావా?" అంది. పెళ్ళయినప్పటి నుంచీ "మీరు" తప్ప ఎరగని మనిషి. "బ్రౌన్‌ది ఆపేశావా నువ్వు?"

నేను ఏదో చెప్పబోయాను. తను వినలేదు. నా చేతిలోంచి నీలంది లాక్కుని, గొట్టం తగిలించి, పాప వెనక కూర్చుని, మాస్కు మూతికి ఆనించి, డాక్టరమ్మ నేర్పినట్టే వేసింది. "నెమ్మదిగా పీల్చు తల్లీ, ఇంకోసారి, అంతే, అంతే" అంటోంది. పాపకి కొంచెం తెరిపి వచ్చింది. మళ్ళీ మొదలైంది. సునీత తలెత్తి, "బావా, కారు తియ్యి" అంది. నా వైపు చూడనే లేదు.

శ్రీనివాసరావు అప్పటికే తాళాలు తీశాడు. మిషను మాట ఎత్తలేదు, పోటీ మాట ఎత్తలేదు. వెనక సీట్లో సునీత పాపకి దారి పొడుగునా మందు వేస్తోంది. ముందు సీట్లో నేను గొట్టం పెట్టుకునే ఖాళీ సంచి పట్టుకుని కూర్చున్నాను. నా చేతికి తగిన పని అది. ఊళ్ళో ఎంతమంది పంటలకి నేను బతుకు ప్రసాదించానో అందులో ఒక్కటీ గుర్తు రాలేదు. వెనక నుంచి ఆ ఈల వినపడినంతసేపూ భయం, అది సన్నబడితే ఇంకా భయం. దేవుడా, దేవుడా అనుకోవడం తప్ప ఇంకేమీ రాలేదు నాకు.

"ఏం గాదురా తమ్ముడూ. పేట వచ్చేసింది" అన్నాడు శ్రీనివాసరావు, హారను మీది చెయ్యి తీయకుండా.

ఆసుపత్రిలో పాపని చేతుల్లోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆక్సిజను పెట్టారు, మందు పెట్టారు. తలుపు సందులోంచి చూస్తే మా పాప మూతికి ఉన్నది మాస్కు, దాని చివర గుర్రుమంటున్నది అచ్చం శ్రీనివాసరావు మిషను లాంటిదే. ఇంకో రోజయితే నాకు అవమానంతో తల కొట్టేసినట్టుండేది. ఆ పూట ఆ మిషనుకి దండం పెట్టాను.

మధ్యాహ్నం దాటేసరికి పాప ఊపిరి నెమ్మదించింది. పిల్ల నిద్రపోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి జరిగిందంతా అడిగింది. సునీత చెప్పింది. ఒక్క ముక్క వదలకుండా చెప్పింది, టీ పెడుతూ లోపలి నుంచి విన్న నా చప్పట్లతో సహా. అంతా విని డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"మీరేం చేస్తుంటారు?"

"మందుల కొట్టండీ. పురుగుమందులు."

"అలాగా. మాది మాచవరం. మా నాన్న మిరప వేస్తారు. ఒక సంగతి చెప్పండి. ఒకే మందుని ఒకాయన చేతి పంపుతో కొట్టాడు, ఇంకొకాయన ఇంజను పంపుతో కొట్టాడు. ఎవరి మందు గొప్పది?"

"మందు ఒకటే గదండీ. పంపులే గదా వేరు."

"మరి మీరు పోటీ పెట్టింది దేనికి? ఆయాసం వచ్చినప్పుడు మేం మిషన్లో పోసేదీ, మీ నీలం ఇన్‌హేలర్లో ఉండేదీ ఒకటే మందు. అది ఆవిరిలా పోతుంది, ఇది గొట్టంలోంచి పోతుంది. సరిగ్గా వేస్తే చాలామంది పిల్లలకి గొట్టం కూడా అంతే బాగా పనిచేస్తుంది. మీరిద్దరూ కుర్చీలు వేసి పోల్చింది పంపుల్ని."

ఈ మాట ఇంకెవరికైనా చెబితే ఏమీ కాదు. పంపులూ మందులూ అమ్ముకుని బతికే నాకు చెబితే ఎలా ఉంటుంది? శ్రీనివాసరావు నా వైపు, నేను శ్రీనివాసరావు వైపు చూసుకున్నాం.

"ఇంకొకటి. ఆకంతా ముడుచుకుపోయాక రైతు మీ కొట్టుకి పరిగెత్తుకొస్తే ఏమంటారు?"

ఆ ప్రశ్న ఎక్కడికి పోతోందో నాకు తెలుస్తూనే ఉంది. అయినా అలవాటైన నోరు ఆగలేదు.

"ఇప్పుడొచ్చి ఏం లాభం? చేను బాగున్నప్పుడే కాపాడుకోవాల గదా, కనపడినాక కొడితే సగం పంట పోయినట్టేనంటానండీ."

"మెల్లిగా అంటారా?"

"తిడతానండీ."

"మిమ్మల్నీ తిట్టుకోండి మరి" అంది డాక్టరమ్మ. "బ్రౌన్‌ది చేసేది అదే. పాప బాగున్నప్పుడు కాపాడుతుంది. ఆపిన మర్నాడే ఏమీ కాదు కాబట్టి మీకు గొప్ప విషయం కనిపెట్టినట్టనిపించింది. లోపల వాపు మెల్లగా పెరుగుతూ వచ్చింది. జలుబూ, మిరప ఘాటూ తగిలేసరికి బయటపడింది. స్టిరాయిడ్ అని భయపడి ఉంటారు. నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోయే కొంచెం మందది. భయం ఉంటే నన్ను అడగాలి. నేను చూసి తగ్గించాలంటే తగ్గిస్తాను. మీ అంతట మీరు ఆపకూడదు."

అప్పుడు శ్రీనివాసరావు, బళ్ళో పిల్లవాడిలా చెయ్యెత్తి, నసిగాడు.

"మేడమ్, మావాడికి గుంటూరు డాక్టరుగారు చెప్పింది ఆ రోజూ వేసే రకమేనండీ. మిషన్లో అదే పోస్తాం. పొద్దున కూడా అదే పోశా. ఒక్క పూట కూడా మానలా."

"మీ బాబు మిరపకాయల పక్కనే కూర్చున్నాడా?"

"గుట్ట పక్కనేనండీ. ఒక్క దగ్గు కూడా రాలా."

డాక్టరమ్మ మళ్ళీ నా వైపు చూసింది. ఇంత సేపట్లో మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"అయితే మీ ట్రయల్ బ్రహ్మాండంగా వచ్చిందండీ. మందు కొట్టిన సాలునీ కొట్టని సాలునీ పక్కపక్కనే నిలబెట్టారు. అందరికీ కళ్ళారా చూపించారు. బ్రౌన్ మందు ఎంత బాగా పనిచేస్తుందో మేం ఎంత చెప్పినా జనం నమ్మరు. మీరు ఒక్క పూటలో నమ్మించారు."

మా వెనకే ఆటోలో వచ్చిన మా అత్తగారు అక్కడే బెంచీ మీద ఉంది. పాపం, ఆవిడకి ఇంకా ఒక సందేహం మిగిలింది. "మరి పొగో?" అని అడిగింది.

సాయంత్రం పాప లేచింది. మాస్కు తీసేశారు. బుగ్గల మీద మాస్కు గీతలు ఎర్రగా ఉన్నాయి. నేను మంచం పక్కన నిలబడ్డాను. సునీత అటు పక్క, వెనక శ్రీనివాసరావూ అత్తగారూ. పాప నన్ను చూసి బొంగురు గొంతుతో మెల్లగా అడిగింది.

"నాన్నా, నేను ఓడిపోయానా?"

"ఏందమ్మా?"

"పోటీలో. అన్నయ్యకి దగ్గు రాలేదు. నాకు వచ్చింది. అందుకే అమ్మ నిన్ను తిట్టిందా?" అని, నా వేలు పట్టుకుని, "ఈసారి దగ్గు వస్తే బయటికి రాకుండా ఆపుకుంటాలే" అంది.

నన్ను అప్పటిదాకా సునీత తిట్టింది, డాక్టరమ్మ కడిగేసింది. అవన్నీ నిలబడే భరించాను. ఈ మాటకి కూర్చుండిపోయాను. మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చాను. శ్రీనివాసరావు గోడ మీదున్న టీకాల పట్టికని చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఓడిపోలేదు తల్లీ. నువ్వే గెలిచావు" అన్నాను.

పాప నా వేలు వదల్లేదు.

"మరి ఎవరు ఓడిపోయారు?"

సునీత, అత్తగారు, శ్రీనివాసరావు, సెలైను మార్చడానికి వచ్చిన నర్సు, అందరూ కలిసి నా వైపు చూశారు.

కాబట్టి క్రోసూరు మందుల కొట్టు కోటేశ్వరరావు అనే నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, అంటే సునీత ఎదురుగా కూర్చుని చూస్తుండగా, చేస్తున్న ప్రమాణం ఏమిటంటే: ఊపిరి తీసుకునే ఏ ప్రాణి మీదా ఇకపై ట్రయల్ వేయను. పిల్ల బాగుందని మందు ఆపను. మందు వల్లనే బాగుందేమోనని ముందు అనుమానిస్తాను, తర్వాత డాక్టరుని అడుగుతాను. పొగ చూసి దేన్నీ మెచ్చుకోను. తోడల్లుడితో పోటీ తప్పనిసరైతే కార్లతో పెట్టుకుంటాను, పిల్లలతో పెట్టుకోను. ఈ ప్రమాణానికి సాక్షిగా ఉండమని మా అత్తగారిని అడిగాను. ఆ రోజు నుంచి ఆవిడ మిషన్లని నమ్మడం మానేసిందట. నన్నయితే అంతకుముందు కూడా నమ్మలేదట.